తనిఖీ నాటి మిషిన్లు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. మెల్లగా రాస్తాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

జడ్చర్లలో బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర, డ్యూటీ దిగి వస్తున్న సూపర్‌వైజరమ్మను ఒకాయన ఆపాడు. నిరుద్యోగులకు సర్కారు సొమ్ముతో కుట్టుపని నేర్పే సెంటరు ఆయనది. ఒకప్పుడు ఆమె కూడా ఆ సెంటరులోనే నేర్చుకోను చేరింది, ఆ రోజులను మరిచిపోలేదు.

“చెల్లె, రేపు తనిఖీకి ఆఫీసర్లొస్తున్నరు. మా దగ్గర నేర్చుకుంటెనే నౌకరీ దొరికిందని ఒక్క మాట చెప్పు.”

“అప్పుడు ‘ఏమే’ అంటుంటివి. ఇయ్యాల చెల్లెనైన్నా సార్?”

“పాతయి ఎందుకు తవ్వుతవ్? నువ్వు చెప్పకుంటే సెంటరు మూసేస్తరు.”

“మూడు నెలలు మిషిన్ బొమ్మ చూపిచ్చి పంపినవ్. ఈడికొచ్చి దారం ఎక్కియ్యరాక అందరి ముందట నవ్వులపాలైన. ఊడ్సుకుంట ఊడ్సుకుంట పని నేర్చుకున్న.”

“అప్పటి తనిఖీ నాడు మిషిన్లుండె గద.”

“పొద్దుగాల కిరాయికొచ్చినయి, పొద్దుమూకంగ పోయినయి.”

“గా ముచ్చట వాళ్లకెందుకు? జర వస్తవా, రావా?”

“వస్త. గా మిషిన్లు మోసిన ఆటో మా బావది. ఆయన్ని గూడ తోలుకొస్త.”

“వద్దు చెల్లె. నువ్వసలు రానే రాకు.”

“ఎట్ల సార్? రేపటి తనిఖీ ముచ్చట బావ చెప్పంగనే, ఇద్దరం వస్తున్నమని ఆఫీసరమ్మకు పొద్దుగాలనే ఫోన్ చేసి చెప్పిన.”

మేకల జానమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఆలేరులో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.