విమానాన్ని ఆపిన నవల

ఒరే గోపీ, ముందు ఆ ఆటో పక్కన పెట్టు. ఈ వానలో నీకు సవారీలు ఎవరొస్తార్రా? ఇలా అరుగు మీదకొచ్చి కూర్చో. యర్రమ్మొదిన కూడా ఇప్పుడే వచ్చింది. లోపల మీ అత్తకి గంజి పట్టి వచ్చాను. పక్షవాతం వచ్చిన కాణ్ణించి కనకలక్ష్మికి నోట మాట లేదు గానీ చెవులు మాత్రం పాము చెవులు. కొంచెం గట్టిగానే చెప్తాను, అదీ వింటాది.

పుస్తకాలంటే ఏటనుకున్నావు? ఈ లంబాలైన్ పేట మొత్తం మీద నా అంత చదివినోడు లేడు. జెట్టీలో క్రేన్ నడిపినోడికి పుస్తకాలేటని అంటారు, అననీ! పెళ్ళవగానే విశాఖపట్నంలో ఈ దీవికొచ్చే జహాజ్, అదే ఓడ, ఎక్కాం. కొత్త పెళ్ళికూతురు చీరల పెట్టె తెస్తాదనుకుంటే, ఇది ట్రంకు నిండా నవలలు తెచ్చింది. ఎత్తలేక కూలీవాడు నడుం పట్టుకుని కూలబడ్డాడు. బంక్ క్లాసులో లైటు కింద కూర్చుని ఒక నవల తీశాను, పడుకునేలోపు అయిపోయింది.

"ఒక్కటే కదా మావయ్యా. ఎవరైనా చదువుతారు."

అరే, సున్ తో, ముందు విను! తొందరేటి నీకు? రెండోది తీశాను, మూడోది తీశాను. పైకి చదువుతుంటే చుట్టూ జనం మూగారు. ఆగస్టు సముద్రం, జహాజ్ ఒకటే ఊగుడు, ఎవర్ని చూసినా వాంతులే. నా గొంతు వినేసరికి ఒక్కొక్కడికీ వాంతులు కట్టేశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెప్టెన్ దిగొచ్చాడు. పంజాబీ ఆయన, తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు! అప్పటికే హాడో జెట్టీ కనబడుతోంది. "కన్నారావ్ భయ్యా, కథలో ఆ పిల్లకి పెళ్ళయ్యేదాకా లంగరు వెయ్యను" అనేసి, జహాజ్‌ని రాస్ ఐలాండ్ చుట్టూ పూరా ఒక రోజు తిప్పాడు. డాల్ఫిన్లు కూడా వరస కట్టి విన్నాయి.

"డాల్ఫిన్లకి తెలుగొచ్చా?"

వినగా వినగా వచ్చేసింది! ఆ ట్రంకు ఇప్పటికీ ఉంది, కావాలంటే చూసుకో. ఈ దీవి వానలకి పుస్తకం బూజు పట్టేస్తాది కదా, నేను ఒక్కో పేజీ ఇస్త్రీ పెట్టి దాచాను. ఏటి వదినా, అలా చూస్తావు? టీ తాగు, చల్లారిపోద్ది.

అన్నట్టు విమానం సంగతి చెప్పలేదు కదూ! మొన్న మధ్యాహ్నం మీ అత్త పక్కన కూర్చుని నవల చదువుతున్నాను. దానికి జబ్బు చేసినప్పుడు సగంలో ఆగిపోయిన నవలే. పడవవాడు తుఫానులో తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటూ పోతున్నాడు. సరిగ్గా అప్పుడే కలకత్తా విమానం మన ఇళ్ళ మీదకొచ్చింది, చెవులు చిల్లులు పడేలా. మీ అత్తకి వినబడొద్దూ? కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "రుకో" అన్నాను. ఆగింది!

"గాల్లోనా మావయ్యా?"

గాల్లోనే! ఇంజన్ ఆపేసి, కిటికీలన్నీ తీసుకుని మరీ విన్నారు. "ఆ పిల్ల దొరికిందా భయ్యా?" అని పైలట్ మైకులో అడిగాడు. దొరికింది, ఇంక దిగు అంటేనే దిగాడు.

నవ్వకు, అసలు సంగతి ఇంకా ఉంది. ఆ పిల్ల దొరికిందని చదవగానే మీ అత్త లేచి కూర్చుంది. నిన్న గోడ పట్టుకుని నడిచింది. ఇవాళ పొద్దున్నే వంటింట్లోకెళ్ళి స్టవ్ వెలిగించి, "ఏవండీ, కాఫీ తాగుతారా" అని కేకేసింది. డాక్టరు బిత్తరపోయాడు! మిగతా పేజీలు కూడా చదివేశాననుకో, ఇంక అదే పుస్తకం పట్టుకుని మళ్ళీ నాకు చదివి వినిపిస్తాది, ఎప్పట్లాగే. చూస్తూండు.

నవ్వవేటిరా గోపీ? ఇక్కడ కదా నవ్వాలి.

"ఇంక చాలు కన్నారావూ. ఆ జహాజ్‌లో నేనూ వచ్చాను. చదివింది కనకలక్ష్మి. నువ్వు వాంతుల బకెట్టు పట్టుకుని దాని కాళ్ళ దగ్గర పడుకుని విన్నావు. నీది హిందీ స్కూలు, తెలుగులో నీ పేరే నువ్వు చదువుకోలేవు. ఇన్నేళ్ళూ చదివింది అది, విన్నది నువ్వు. నువ్వు చెప్పినదాంట్లో ఇస్త్రీ ఒక్కటే నిజం."

వదినా, మెల్లగా. లోపల వింటాది.

"విననీ. ఆ నవల నేనూ చదివాను. అందులో పడవవాడే లేడు. నోరు పడిపోయిన మనిషికి మిగిలింది ఆ కథొక్కటే. అందులో కూడా నీ కోతలేనా? పుస్తకం ఇలా తే, నేను చదువుతాను."

తీసుకో వదినా. దిండు పక్కనే ఉంది. నువ్వే చదువు, నేనూ వింటాను. ఆ పిల్ల ఏమైపోయిందో నాకూ తెలీదు. పేజీ మాత్రం నన్ను తిప్పనీ. నేను కల్పించి చెప్తున్నానని దానికి మొదటి రోజే తెలిసిపోయింది, పుస్తకం వంక చూడదు, నా మొహమే చూస్తాది. నాకు ఏడుపొచ్చి ఆగిపోయానా, తిప్పమని వేలు ఆడిస్తాది. ఒళ్ళు మొత్తమ్మీద కదిలేది ఆ వేలొక్కటే వదినా.