ఎర తినని బంటు

కదలకండి మావయ్యగారూ! ఎన్నిసార్లు చెప్పాలి? పళ్లసెట్టుకి అచ్చు తీస్తున్నాను. నోట్లో ముద్ద గట్టిపడకముందే పెదవి కదిపారో, పని మళ్లీ మొదటికొస్తుంది. కళ్లతో కూడా మాట్లాడకండి, నాకు నవ్వొస్తోంది.

అబ్బబ్బ, నిన్నటి ఆట తలుచుకుంటే పొద్దుట్నుంచీ కాళ్లు నేల మీద నిలవట్లేదు! ఇందాక ఒకాయనకి పన్ను పీకుతూ కూడా నవ్వేశాను. పాపం, హడలిపోయాడు.

పెళ్లైన ఈ పదకొండేళ్లూ ప్రతి ఆదివారం తెల్లపావులు మీవే, ఓటమి నాదే. కాదంటారా? తల ఊపకండి! మంత్రి ముందు బంటుని రెండు గళ్లు తోస్తారు. నేనూ తోస్తాను. దాని పక్కనే ఇంకో బంటుని ఎర పెడతారు. నేను గబుక్కున తినేస్తాను. ఇక నా పని గోవిందా! "కోడలు ఎర కనిపిస్తే ఆగలేదు" అని ఇంటిల్లిపాదికీ మీ చాటింపు.

మరి నిన్న తిన్నానా? తినలేదు! శకటు ముందున్న బంటుని ఒక్కటంటే ఒక్క గడి జరిపి, నా బంటుకి ఆసరా పెట్టి కూర్చున్నాను. శకటుని ముందు బయటికి పంపి, ఆ తర్వాతే బంట్లతో తలుపులేసుకున్నాను. మీరు ఎదురుగా వచ్చారు, పక్కనుంచి వచ్చారు. ఏమైనా కదిలిందా? చివరికి విసుగొచ్చి గుర్రాన్ని బలిచ్చి, ఆటే పోగొట్టుకున్నారు. ఖాళీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నారు, చూశాను లెండి!

ఎవరు నేర్పారని నిన్నట్నుంచీ ఒకటే అడుగుతున్నారుగా? అత్తయ్య.

అంత గుడ్లు మిటకరించకండి. గళ్ల టేబుల్ గుడ్డ మీద చొక్కా గుండీలు పేర్చి నేర్పారు. నలభై ఏళ్లు మీ వెనక బట్టలు ఇస్త్రీ చేస్తూ మీ ప్రతి ఎత్తూ చూశారట. పెళ్లైన కొత్తల్లో ఒకసారి "నేనూ ఆడనా" అంటే, "నీకెందుకివన్నీ" అన్నారట మీరు. ఆవిడ మళ్లీ అడగలేదు. "గెలవాలని చూడకమ్మా, గట్టిగా నిలబడు చాలు. ఆయనకి ఓపిక ఎక్కడ నశిస్తుందో నాకు తెలుసు" అన్నారు నాతో. ఆ మాటకి మాత్రం నాకు నవ్వు రాలేదు మావయ్యగారూ.

అత్తయ్య ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నారు, ఒళ్లో మీ చదరంగం పెట్టె. వచ్చే ఆదివారం మీతో తనే ఆడతారట. తెల్లపావులు తనకిస్తారేమో అడగమన్నారు. ఎక్కువ మాటలొద్దు, ఊఁ అంటే చాలు.

ఏంటీ? ఇంకాస్త గట్టిగా... ఊఁ అన్నారు! అత్తయ్యా, ఒప్పుకున్నారు, లోపలికి రండి!

ఇక నిజం చెప్పేస్తాను, కోప్పడకండి. ఆ ముద్ద గట్టిపడి చాలాసేపైంది. తీసేస్తే కాదంటారేమోనని ఉంచేశాను.