రోజలిన్ చేతిలో బెల్లంముక్క

కూకో స్టాన్లీ, ఆ స్టూలు ఇలాగ లాక్కో. ఏటన్నావు? మీ అప్ప రోజలిన్ ఎలాగ పోయిందనా? నీకప్పుడు ఐదేళ్ళు నిండనేదు, నీకేటి గురుతుంటాది. మీ అమ్మని అడగలేకపోయేవా? అడిగేవా? ఏటంది? "నోరు కట్టుకోలేక పోయింది" అందా. ఊఁ. ఆరోగ్యమేరి అలాగే అంతాది. ఇరవయ్యేళ్ళనుంచీ అదే అంతన్నాది. ఉండు, కాసిన్ని మంచినీళ్ళు తాగనీ.

మీ నాన్న బెన్‌హరూ నేనూ అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీలం. బళ్ళమీంచి దిమ్మలు దించడం, యార్డులో వరసగా పేర్చడం, కాటాకెత్తడం, అదే పని. నన్ను బావా అనీవోడు. మీది చర్చికెళ్ళీ ఇల్లు, మాది పైడితల్లికి మొక్కీ ఇల్లు, అయితే ఏటి, గోడకి గోడ. అప్పుడు మార్కెట్టంటే ఇలాగ కాదురా. సీజన్లో అడుగెయ్యడానికి సందుండీది కాదు. ఒంటినిండా బెల్లమే, ఇంటికెల్తే సీమలు కూడా మాతోపాటే వచ్చీవి. ఏటి సెప్తన్నాను? ఆఁ, రోజలిన్. దానికి పదేళ్ళప్పుడు సుగరొచ్చింది. బిందెడు నీళ్ళు తాగీది, ఎముకలు తేలిపోయేయి. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెల్తే, బతికినన్నాళ్ళూ రోజుకి రెండు సూదులన్నారు. పేటలో ఎవలూ నమ్మనేదు. ముసిలోళ్ళకొచ్చీ రోగం గుంటకెలాగొచ్చిందన్నారు. పాలకొట్టు బుల్లమ్మయితే, "బెన్‌హరూ, బెల్లం మోసిన సేతుల్తోనే దాన్ని ఎత్తుకున్నావు, నీ ఒంటిదే దానికంటుకుంది" అనీసింది. మీ నాన్న ఆ మాట నమ్మీసేడురా. ఆరోజునుంచీ మార్కెట్టునించొచ్చి, నూతికాడ తలమీంచి నీళ్ళోసుకుంటే గానీ పిల్లని ముట్టుకునీవోడు కాదు. సలికాలం కూడాను. అది గుమ్మంలో నిలబడి, "నాన్నా, అంటుకునీది కాదు, డాక్టరమ్మ సెప్పింది" అని అరిసీది. ఆడు ఇనీవోడు కాదు.

మందుసీసా సల్లగుండాలి కదా. మనకి ఫ్రిజ్జులెక్కడివి? బుల్లమ్మనడిగితే పాలపేకట్ల పక్కన రోగం మందెట్టను పొమ్మంది. అప్పుడా గుంటే కుండలో ఇసక పోసి, తడిగుడ్డ సుట్టి, అందులో దాసుకునీది. సూది దానికదే పొడుసుకునీది. ఒకరోజు ఏడుపుమొహంతో మా ఇంటికొచ్చి, "సూదికి ఏడవను మావయ్యా, నేను పొడుసుకుంటంటే గుంటలందరూ తలుపు సందులోంచి సూత్తన్నారు, దానికే ఏడుపొత్తంది" అంది. కోపం మా జాస్తి దానికి. పెళ్ళిభోజనంలో ఎవలైనా "అయ్యో పాపం, దానికి లడ్డు ఎయ్యకండి" అంటే విస్తరి ముందునించి లేసిపోయీది. "పాపం అనకండి, నాకేటి తినాలో నాకు తెలుసు" అనీది. నిజంగానే తెలుసురా దానికి. మనకే తెల్లేదు.

ఇనుకో. కాలేజీలో సేరేక, జామెట్రీ బాక్సులో కాయితం సుట్టి బెల్లంముక్కొకటి ఎట్టుకునీది. నాకు సూపించింది. "సత్తియ్య మావయ్యా, ఎప్పుడైనా నాకు సెమటలట్టి, సేతులొణికి, మాట తడబడితే ఇది నా నోట్లో ఎట్టీ. సూది మందు ఎక్కువై సుగరు పడిపోతే అలాగవుతాదంట." నేను నవ్వేను. "దొంగగుంటా, బెల్లం తినడానికి ఎన్నేసాలే" అన్నాను. మొహం ముడుసుకుని ఎల్లిపోయింది. పెద్ద మేలు సేసినట్టు మీ నాన్నకి సెప్పేను కూడాను. ఆడు ఆ ముక్క పెంటలోకి ఇసిరీసి, "బావా, యార్డులో అది బెల్లంకాడికెల్తే నా బదులు నువ్వే కొట్టు" అన్నాడు.

రెండువేల మూడు, ఫిబ్రవరి నెల. దానికి పదిహేడేళ్ళు. ఆరోజు ప్రాక్టికల్ పరీక్ష. పొద్దున్నే సూదేసుకుందంట, అన్నమింకా ఉడకనేదంట. హాల్ టికెట్టున్న పెట్టె తాళంసెవి మీ నాన్న మొలతాడుకుండిపోయింది. అది తెచ్చుకుని తిందారిలే అని మార్కెట్టుకి పరిగెట్టుకొచ్చింది. మీ నాన్న లారీమీద అవతల యార్డుకెల్లేడు. "కూకో, వచ్చేత్తాడు" అన్నాను. కూకుంది. అరగంటయ్యింది, ముప్పావుగంటయ్యింది. తిరిగి సూత్తే, జాకెట్టు తడిసిపోయేలాగ సెమట. మునగపాక రైతు బెల్లం దిమ్మొకటుంటే, దాని అంచు గోళ్ళతో గీకుతన్నాది. గబగబా ఎల్లి సేతిమీద ఒక్కటేసేను. ముక్క కిందడ్డాది. ఒంగి మళ్ళీ తీసుకుంది. గుప్పిట పట్టీసేను. నోరు తెరిసింది గానీ మాట రానేదు, నావేపే సూసింది. నోటిదాకా సెయ్యెత్తాలని గింజుకుందిరా. నేను కలాసీని, దిమ్మలు మోసిన సెయ్యి నాది. దానికేటి బలముంటాది? కాసేపటికి నా సేతుల్లోనే కొయ్యబారిపోయింది. ఆటోలో ఏసుకెల్లేం, రైల్వేగేటు పడిపోయింది. గేటుకాడే ఊపిరాగిపోయింది.

ఇంటికి తెచ్చేక మీ అమ్మ గుప్పిట విప్పింది. బెల్లంముక్క. "తినీసిందర్రా" అని గొల్లుమంది. అందరూ అదే అన్నారు. సమాదికాడ కూడా అదే మాట, నోటిరుసికి పేణం తీసుకుందని. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. నాకూ అప్పుడు తెల్లేదు కదా, ఎక్కడో నేను సూడకుండా తినే ఉంటాదనుకున్నాను, నేనడ్డుకోడం ఆలీసమైందనుకున్నాను.

మరి ఎనిమిదేళ్ళయ్యేక నాకూ సుగరొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడు సెప్పేడు, "తాతా, మాత్రేసుకుని తినకపోతే సెమటలడతాయి, సేతులొణుకుతాయి. ఎంటనే బెల్లంముక్కో పంచదారో నోట్లో ఏసుకో, లేకపోతే పేణానికే మోసం." అచ్చంగా అదే మాట, ఆ గుంట సెప్పిన మాటే. అప్పటికి మీ నాన్నున్నాడు, మంచంలో ఉన్నాడు. సెప్దారనే ఎల్లేను. ఆడు నా సెయ్యి పట్టుకుని, "బావా, నా మాటింటే నా కూతురు బతికీది" అన్నాడు. సెప్పకుండానే లేసొచ్చీసేను. ఆ మాటతోనే పోయేడు.

అది తిని పోనేదు స్టాన్లీ. తిననివ్వకపోతే పోయింది. నేనే తిననివ్వనేదు. తిట్టు, ఏటలా సూత్తన్నావు? సదువుకున్నోడివి, ఏదో ఒకటను. నేను దాని పేణం తీసేను, అది సాలనట్టు ఇన్నేళ్ళూ దానిమీదే నిందుంచీసేను. ఏడవకురా. ఏడవకు నానా.

మీ అమ్మ ఇంటికాడే ఉందా ఇప్పుడు? సెయ్యియ్యి, లేత్తాను.