క్లెయోఫాస్ ఇంట్లో చుక్కల మందు

మెక్సికోలో ఒక చిన్న ఊరు. బాలయేసు బొమ్మకు కొత్త బట్టలు కట్టి చర్చికి తీసుకెళ్లే పండుగ రేపు. దుప్పటి మూటను ఎత్తుకుని గుమ్మంలో ఫిలెమోన్. ఎదురుగా, భుజాన ఐసు పెట్టెతో నర్సు యాదీరా.

"ఏమే యాదీరా! పెట్టెలో మందుందా, పుల్ల ఐసుందా? నీ నడక చూస్తే ఏదైనా కరిగిపోయుంటుంది!"

"మెల్లిగా ఫిలెమోన్ బాబాయ్! మీ అమ్మగారు వింటారు."

"వినదులే. రేపటి పండక్కి మొక్కజొన్న పిండితో తమాలెలు చుడుతోంది. చేతికి పిండంటితే పిడుగు పడినా కదలదు."

"రోటావైరస్ చుక్కలంటే కర్ర తీస్తారన్నావుగా?"

"తియ్యదా మరి! పిల్లలకి విరేచనాలై మాడు గుంటపడితే, తలకిందులుగా పట్టుకుని, అరికాళ్ల మీద కొట్టి మాడు పైకి లేపేది మా అమ్మే. నీ చుక్కలతో విరేచనాలే రాకపోతే ఆవిడ ఎవర్ని తిరగెయ్యాలి? నిన్నా?"

"ఒంట్లో నీళ్లు అయిపోతేనే మాడు గుంటపడేది బాబాయ్. తిరగేస్తే నీళ్లు ఎక్కడ్నించొస్తాయి?"

"ఆ మాట ఆవిడకే చెప్పు. నేను గోడ దూకి అవతల్నుంచి వింటా."

"పోయినేడు కుండలవాళ్ల పాప..."

"ఆ ఊసెత్తకు."

"అమ్మగారి చేతుల్లోనే కదా..."

"ఎత్తకన్నానా! అప్పట్నుంచీ ఆవిడకి తిండి సయించట్లేదు."

"సరే, సరే. మీ ఇంటి పసివాడు ఇసాయాస్‌కి ఈ వారం దాటితే మొదటి చుక్కలకి వయసు దాటిపోతుంది, తెలుసుగా?"

"అందుకేగా వాడి తల్లి, మా మేనకోడలు, బతిమాలింది, మావయ్యా ఎలాగైనా వేయించమని! చూడు నా తెలివి. ఉయ్యాల్లో బాలయేసుని పడుకోబెట్టి, వీడి టోపీ పెట్టా. వీణ్ణి దుప్పట్లో చుట్టి ఉంచి, ఇప్పుడే ఎత్తుకొచ్చా. ఆవిడ ఉయ్యాల ఊపుతూ దేవుడికి జోల పాడుకుంటుంది!"

"ఇదంతా మంగలి షాపులో కూడా చెప్పావట?"

"చెప్పకపోతే మజా ఏముంది? ఊరంతా కాచుక్కూర్చుంది. కానీ, వెయ్యి."

"నోరు తెరవట్లేదు బాబాయ్."

"మా వంశం మొండితనం. బుగ్గ నొక్కు."

"నొక్కితే రంగు ఊడుతోంది."

"పిల్లాడికి రంగేంటే? ఏదీ... ఓరి నాయనో, ఇది బాలయేసు! ఇంత బరువున్నాడంటే పాలు బాగా తాగాడనుకున్నానే!"

వంటింటి గుమ్మంలో, పసివాణ్ణి చంకనేసుకుని, ఫిలెమోన్ తల్లి దోన్యా క్లెయోఫాస్.

"ఏరా ఫిలెమోన్! దేవుడికి కూడా విరేచనాలేనా?"

"అమ్మా! మరి... మరి వీడికి చుక్కలు?"

"తెల్లారగానే వేయించా. నేనూ వీడి తల్లీ ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి వెళ్లొచ్చాం."

"యాదీరా, నీకు తెలుసా?"

"నా చేత్తోనే వేశా బాబాయ్."

"దొంగముఖమా! ఏమ్మా, నువ్వే వేయించుకొచ్చి, నేను చుట్టి ఉంచిన మూటలో పిల్లాణ్ణి తీసి బొమ్మని పెట్టి, నాతో ఈ ఆటేంటి?"

"కుండలవాళ్ల పాప నా చేతుల్లో పోయిందిరా. ఇంకెవర్నీ తిరగెయ్యను. కానీ ఇన్నేళ్లు తిరగేసినదాన్ని, ఆ మాట ఊరికి ఏ మొహంతో చెప్పను? అందుకే నువ్వు మంగలి షాపులో కూసినా ఊరుకున్నా. పో, వీధిలో కేకెయ్, మా అమ్మని బోల్తా కొట్టించి చుక్కలు వేయించానని. మిగతా తల్లులకీ ధైర్యమొస్తుంది. మోసగాడనే పేరు నీకేం కొత్త కాదుగా!"