ప్రహ్లాదు నెత్తి మీద నాట్లు

ఆ పొద్దు సౌభాగ్యమ్మ చాయ్ హోటల్ల ఎవ్వరూ ప్రహ్లాదును గుర్తుపట్టలే. పటాన్‌చెరు రోడ్డు మీద, ఫ్యాక్టరీ గేటుకు ఎదురుంగ ఉంటది ఆ హోటలు. మొదటి షిఫ్టు ఇడిచినంక రోజూ తెల్ల రుమాలు చుట్టుకొని వచ్చే మనిషి, ఇయ్యాల నల్లగ నిగనిగలాడే జుట్టుతోని వచ్చి బెంచి మీద కూసున్నడు.

"ఎవరు కావాలె బాబూ?" అన్నది సౌభాగ్యమ్మ.

"నేనే అక్కా, ప్రహ్లాదును."

ఆమె చేతుల ఉన్న చాయ్ జాలి గిన్నెల పడ్డది.

ప్రహ్లాదు ఫిట్టరు. నలభై రెండేండ్లు. పెండ్లాం కాలం చేసి ఆరేండ్లాయె. వచ్చే ఆదివారం జోగిపేటల విమల టీచరును చూడబోవాలె. ఆమెకు ముప్పై ఎనిమిది, తమ్ముణ్ణి చదివిచ్చుకుంట తన పెండ్లి సంగతే మర్చిపోయిన మనిషి. మధ్యల మాట నడిపినాయన ఫోటో అడిగితే, ప్రహ్లాదు తన ఇరవై అయిదేండ్లప్పటిది ఇచ్చిండు. ఇచ్చినంక ఇప్పటి బట్టనెత్తి యాదికొచ్చింది. హైదరాబాదు పోయి, నాటకాలోళ్లకు వేషాలు కిరాయికిచ్చే దుకాణంల ఒక విగ్గు పట్టుకొచ్చి బంకతోని అతికిచ్చుకున్నడు. ఈ హోటలోళ్లు నమ్మితే జోగిపేటోళ్లు నమ్ముతరు. ఈడ దొరికిపోతే సంబంధం మీద ఆశ ఇడుసుకోవాలె.

"ఏమోయ్, గీ జుట్టు యాడిదోయ్?" అని అడిగిండు గేటుకాడి వాచ్‌మన్ అహరోను.

ప్రహ్లాదు గొంతు సవరించుకున్నడు. మూలకు ఒక కొత్త మనిషి ఉప్పు బిస్కట్లు చాయ్‌ల ముంచుకొని తింటున్నడు. బస్సు దిగి వచ్చినట్టున్నడు, సంచి ఒళ్లెనే ఉన్నది. ఆయనకు గూడ వినవడాలని ప్రహ్లాదు జెర గట్టిగనే షురూ చేసిండు.

"నా నెత్తి సంగతి మీకు తెల్వంది గాదు. అద్దం మర్చిపోయి వచ్చినప్పుడల్లా ఫోర్మన్ సాబు నన్ను ముందల వంగబెట్టి, నా నెత్తిల చూసుకుంట మీసం కత్తిరించుకునేటోడు. ఒకసారి ఈగ వాలి, కాలు జారి, నడుము ఇరగ్గొట్టుకున్నది. కావాలంటే సౌభాగ్యమ్మక్కను అడుగుండ్రి."

"నన్నెందుకు లాగుతవ్ తమ్మీ?"

"ఇగ లాభం లేదని బొంబాయి పోయిన. ఆడొక డాక్టరు ఎంటికలు నాటేస్తడు."

"నాటేసుడేందన్నా, వరి లెక్కనా?" అన్నడు పెద్దరాములు. ఆయన పొద్దుగాల పొలం చూసుకొని షిఫ్టుకు వచ్చే మనిషి.

"అచ్చం వరి లెక్కనే. మెడ మీద నారుమడి ఉన్నది గదా, ఆడ పీకుడు, ముందల నాటుడు. నాటుడు అలకనే రాములూ, గట్టు యాడ ఎయ్యాల్నన్నదే కష్టం. నొసలు యాడ ఆగాలె, జుట్టు యాడ మొదలుగావాలె? డాక్టరు పెన్సిలు తీసి కనుబొమ్మలకు రెండు వేళ్ల మీద గీత గీసిండు. నేను చెయ్యి పట్టుకున్న. 'సాబ్, గిది పదారేండ్ల పోరని గీత. నాది నలభై దాటిన మొకం. మొకం ఒక వయసు చెప్పి, జుట్టు ఇంకో వయసు చెప్తే జనం నవ్వరా? జెర మీదికి జరుపు. రెండు దిక్కుల కొంచెం లోపలికి తియ్యి. సక్కగ గూడ గీయకు, జెర వంకరటింకర ఉంటేనే దేవుడిచ్చినట్టుంటది' అన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాక్టరు లేచి నా కాళ్లు మొక్కిండు."

"శనివారం నిన్ను గేట్ల నేనే చూస్తి, సోమవారం గూడ చూస్తి. బొంబాయి ఎప్పుడు పోయినవోయ్?" అన్నడు అహరోను.

"ఆదివారం. నా పరేషాన్ చూసి రైలు గూడ యాడా ఆగలే."

అందరు నవ్విండ్రు. బంక కింద నెత్తి జిలవెడుతున్నది, చెమట కారుతున్నది, గని ప్రహ్లాదు చెయ్యి పెట్టలే. కత నమ్మకున్నా మంచిదే అనుకున్నడు. కత మీద అనుమానవడితే జుట్టు దిక్కు ఎవరూ చూడరు. అందుకే ఇంకింత పెంచిండు.

"డాక్టరొక్కడు చెప్తే సాలుతదా? పట్వారిని పిలిపిచ్చిండ్రు. ఆయన గొలుసేసి ఈ చెవి నుంచి ఆ చెవిదాక కొలిచి, నా నెత్తి మీద హద్దురాళ్లు పాతిపిచ్చిండు. ఇగ పదిమంది ఆడోళ్లు కొంగులు చెక్కుకొని దిగి, పాటలు పాడుకుంట పొద్దుగూకేదాక నాటేసిండ్రు. వాపస్ రైలెక్కిన. పుణె దాటంగనే వాన! కొత్త నాటు మీద వాన పడితే ఎట్లుంటదో రాములుకు ఎరికే. షోలాపూర్ల జుట్టు భుజాలకు వచ్చింది. వాడి జంక్షన్ కాడ కిటికీలకెల్లి బయటికి పోయింది. తాండూరుల గార్డు ఎర్రజెండా ఊపిండు. ఎందుకు? నా జుట్టు ఆఖరి పెట్టె చక్రాలకు చుట్టుకున్నది! వికారాబాదుల ఇరవైమంది కొడవండ్లతోని ఎక్కి కోత కోస్తే మూడు లారీలు నిండినయ్."

"మూడు లారీలా!"

"నాలుగోది దొరకలే. గని అసలు గొప్పతనం ఆ గట్టుది. ఎనుక గంత వరద వచ్చినా, ఒక్క ఎంటిక గట్టు దాటి నొసలు మీదికి రాలే. వయసుకు తగ్గ గీత గీపిచ్చుకుంటే గట్లుంటది."

మూలకున్న మనిషి చాయ్ గ్లాసు పక్కకు పెట్టి లేచిండు. సంచిల నుంచి ఒక ఫోటో తీసి, తెచ్చి ప్రహ్లాదు చెంప పక్కన పట్టిండు.

"గిది మీరే గదా అన్నా? నేను విమల టీచరు తమ్ముణ్ణి, నాగేశ్వర్‌ను."

ప్రహ్లాదు బెంచి మీదికెల్లి సగం లేచిండు.

"గీ పడుచు ఫోటోల గూడ మీ నొసలు నాలుగు వేళ్ల ఎత్తున్నది. ఇప్పుడు రెండు వేళ్లే ఉన్నది. మీరు మీదికి జరుపుమంటే, డాక్టరు కిందికి జరిపిండేందన్నా?"

పెద్దరాములుకు చాయ్ పొలమారింది. అహరోను కండ్లల నీళ్లొచ్చేదాక నవ్విండు. ప్రహ్లాదు నొసలు తడుముకున్నడు. దుకాణపాయన అభిమన్యుని వేషానికి కట్టే విగ్గు ఇచ్చిండు. ఈయన రంగు చూసుకున్నడు, నిగనిగ చూసుకున్నడు. పదేండ్ల కింద రాలిపోయిన జుట్టు నొసటి మీద యాడ మొదలైతుండెనో యాదికే లేదు.

ఇగ ఏం చేస్తడు, మెల్లగ పీకిండు. చర్రుమన్నది. నొసలు ఎర్రగైంది.

"నాటు గాదు తమ్మీ, కిరాయిది," అన్నడు తలకాయ వంచుకొని. "భయమైంది. ఆరేండ్ల సంది ఒక్కణ్ణే వండుకొని, ఒక్కణ్ణే తింటున్న. మీ అక్క మంచిదని అందరు చెప్పిండ్రు. గీ నెత్తి చూసి వద్దంటదేమోనని ఇన్ని కోతలు కోసిన."

"వద్దనే అన్నది," అన్నడు నాగేశ్వర్.

హోటల్ల నవ్వు ఆగిపోయింది.

"ఫోటో చూసి, 'గీ పోరడు నాకంటె చిన్నగున్నడు, నలుగురు నవ్వుతరు, వాపస్ ఇచ్చి రా' అని నన్ను పంపింది."

ఫోటోను ప్రహ్లాదు చేతుల పెట్టిండు. ఆ బట్టనెత్తిని ముందునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, అంగడిల వస్తువు లెక్క మంచిగ చూసిండు. సంచి భుజానికి ఏసుకున్నడు.

"ఆదివారం గిట్లనే రా, బావా."