పంటి రంగుకి వేరే రేటా?

"రంగుకి డబ్బులడిగాడమ్మా! రంగుకి! ముప్ఫై ఏళ్ళుగా రంగులు కలుపుతున్న నన్ను పట్టుకుని!"

అందరూ డబ్బా అని పిలిచే ఆయన, టీ గ్లాసుని బల్ల మీద కొట్టినంత పని చేశాడు. ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి ఆయన. ఆ పేరు రంగు డబ్బాల వల్ల వచ్చిందో, సొంత డబ్బా కొట్టుకోవడం వల్ల వచ్చిందో ఇప్పుడెవరికీ గుర్తులేదు. పనులు ముగించుకుని సాయంత్రం ఆరింటికి ఈ టీకొట్టు బెంచీల మీద చేరే నలుగురికీ మాత్రం, ఆయన నోరు తెరిచాడంటే రెండో టీ తాగక తప్పదని తెలుసు. అందుకే టీకొట్టావిడకి ఆయనంటే అంత అభిమానం.

"ఎవరన్నయ్యా అడిగింది?" అందావిడ, పొంగొస్తున్న పాలని గరిటెతో కలుపుతూ.

"ఇంకెవడు, పళ్ళ డాక్టరు! చెబుతా విను చెల్లెమ్మా. మీ వదినకి ముందు పన్ను పుచ్చిందా, ఓ రోజు గట్టి బిస్కెట్టు కొరికితే అంచు కాస్తా ఊడి చేతికొచ్చిందా, పన్ను పోతే పోయింది, దాంతోపాటు బట్టలకొట్లో కౌంటరు పోయింది! పదకొండేళ్ళు ఆ కౌంటర్లో నిలబడి, కొనేవాళ్ళకీ కొననివాళ్ళకీ ఒకేలా నవ్వుతూ బట్టలు చూపించిన మనిషి. 'నువ్వు కొన్నాళ్ళు వెనక గదిలో కూర్చుని మడతలు పెట్టమ్మా' అన్నాడా ఓనరు. ఈ నెలాఖరులోగా పన్ను బాగు చేయించుకుంటే సరే, లేకపోతే ఆ కౌంటర్లో ఇంకో అమ్మాయిని పెడతాడట. ఇది వింటే ఒళ్ళు మండుతుందా మండదా?"

"మండుతుంది," అన్నాడు పక్క సందులో మిషను కుట్టే ముసలి టైలరు.

"మీకే మండితే నాకెంత మండాలి! సరే, సోమవారం నాడు పని మానుకుని మరీ తీసుకెళ్ళాను. మా బామ్మర్ది కూడా వచ్చాడు, ఇదుగో ఇక్కడే కూర్చున్నాడు, కావాలంటే అడగండి."

బెంచీ చివర కూర్చున్న ప్లంబరు, డబ్బా భార్యకి సొంత తమ్ముడు, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుని పైకి మడుచుకుంటున్నాడు. "చెప్పు బావా, వింటున్నా," అన్నాడు తలెత్తకుండా.

"ఆ గదిలోకి వెళ్ళగానే ఎదురుగా గోడకి బోర్డు. వెండి రంగు ఫిల్లింగు, ఏడు వందలు. దాని కింద, పంటి రంగు ఫిల్లింగు, రెండు వేల నాలుగు వందలు. కళ్ళజోడు లేకుండా చదివాను, పెట్టుకుని చదివాను, తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే మారలేదు! అదే నోరు, అదే చిల్లు, అదే కుర్చీ, అదే డాక్టరు. తేడా ఏమిటయ్యా అంటే రంగు! నేను గోడకి తెలుపు వేసినా ఒకటే కూలి, లేత పసుపు వేసినా ఒకటే కూలి. 'పక్క గోడతో కలిసిపోయే రంగండీ, దీనికి మూడింతలవుతుంది' అన్నాననుకో, ఇంటివాళ్ళు నన్ను నిచ్చెనతో సహా బయటికి గెంటరూ?"

"అందుకే నేను వెండిదే వేయించుకున్నా," అని టైలరు నోరు బార్లా తెరిచి దవడ చూపించాడు. "మనవరాలు నా నోట్లో మేకుందని ఊరంతా చెబుతోంది."

"చూశారా, చూశారా! ముసలాయన నోట్లో మేకు! డబ్బున్నవాడు పన్ను పుచ్చినా తెలియకుండా తిరగొచ్చు, మనం నవ్వితే మన జీతమెంతో బయటపడిపోవాలి! ఇదేం న్యాయం?"

ఎదురు బెంచీ మీదున్న బస్సు డ్రైవరు నాలుకతో తన పళ్ళు ఓసారి తడుముకున్నాడు.

"మరి డాక్టర్ని అడిగావా గురూ?" అన్నాడు.

"అడగకేం! నిలబెట్టి అడిగాను. ముందు పంటికి వెండి రంగు వెయ్యరటండీ, ఈ మందు వేరేదట, ఖరీదట, పొరలు పొరలుగా వెయ్యాలట, ఒక్కో పొరకీ నీలం లైటు పట్టి గట్టిపరచాలట. పొరలు! నాకు చెబుతున్నాడు పొరల గురించి! ముందు ప్రైమరు, దాని మీద లప్పం, లప్పం ఆరాక గీకుడు, ఆపైన రెండు కోటింగులు, వానొస్తే మళ్ళీ మొదట్నుంచి. నాకెవడైనా నీలం లైటు పట్టాడా? ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? సొరుగులోంచి ఓ పట్టీ తీశాడు. దానికి పదహారు ఉత్తుత్తి పళ్ళు వరసగా దిగేసి ఉన్నాయి. మన రంగుల కొట్లో షేడు కార్డు లేదూ, అచ్చంగా అదే! ఒక్కోటీ మా ఆవిడ పంటి పక్కన పెట్టి చూస్తున్నాడు. ఎక్కడ? ట్యూబులైటు కింద! చెల్లెమ్మా, ఎవరైనా రంగు చూసేది ట్యూబులైటు కిందనా?"

"నాకేం తెలుసన్నయ్యా, నా టీ అయితే ఎక్కడ చూసినా ఒకటే రంగు."

"నీది వదిలెయ్. 'ఆపండి డాక్టరు గారూ' అన్నాను. అక్కడున్న పదహారు తెలుపుల్లో ఒక్కటీ మా ఆవిడ పంటిది కాదు. మూడోది దగ్గరగా ఉంది గానీ అందులో బూడిద రంగు ఎక్కువ. అయిదోదాంట్లో పసుపుంది. 'మా ఆవిడ పన్ను, తెల్లారి ఆరున్నరకి తూర్పు గోడ మీద పడే ఎండ రంగు, అందులో పాల మీగడ ఒక్క చుక్క' అన్నాను. డాక్టరు చేతిలో అద్దం జారిపోయింది. 'మీకు తెల్లరంగులు ఎన్ని తెలుసండీ?' అన్నాడు. 'అరవై నాలుగు' అన్నాను. 'చూసి చెప్పడానికి అరవై నాలుగు. కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్పాలంటే ఓ నలభై.' కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నాడు."

"రోగి కుర్చీలోనా?" అన్నాడు డ్రైవరు.

"డాక్టరు కుర్చీలోనయ్యా! ఆ చక్రాల స్టూలు! మందు నా చేతికిచ్చాడు. బ్రష్షు చూస్తే మా గేట్లకి వేసే బ్రష్షంత లావుంది, దాంతో పన్నేమిటి! నా కనురెప్ప వెంట్రుక ఒకటి పీకి అగ్గిపుల్లకి కట్టి, దాంతో వేశాను. ఎన్ని పొరలు? డాక్టరు నాలుగన్నాడు, నేను ముప్ఫై ఆరు వేశాను. నీలం లైటు అక్కర్లేదన్నాను, రెండుసార్లు ఊదాను, గట్టిపడిపోయింది. మా ఆవిడని నోరు తెరవమన్నాం. ఏముంది అక్కడ?"

"పన్ను," అంది టీకొట్టావిడ.

"అదే, ఏ పన్ను! డాక్టరు వెతికాడు, నర్సు వెతికింది, ఎక్స్-రే తీశారు, ఎక్స్-రే కూడా మోసపోయింది. లెక్కపెడితే ముప్ఫై మూడు వచ్చాయి! అంటే చూడు, రంగు అంత బాగా కుదిరేసరికి ఉన్నదాన్నే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు పాపం. అప్పుడు నా చెయ్యి పట్టుకుని 'అయ్యా, ఈ రెండు వేల నాలుగు వందలు నేనే మీకివ్వాలి' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"తీసుకున్నావా?"

"ఛీ! నేను రంగుకి డబ్బు తీసుకునే మనిషినా? అసలు సంగతి ఇంకా ఉంది. బయట హాల్లో కూర్చున్న జనం ఇదంతా విన్నారు కదా, నాకూ నాకూ అని ఎగబడ్డారు. లైను హాలు దాటింది, మెట్లు దిగింది, రోడ్డు దాటింది, వంతెన ఎక్కింది, వంతెన అవతలి వాళ్ళు ఎందుకు నిలబడ్డారో తెలియకుండానే నిలబడ్డారు. ఓ పంతులమ్మ పియానో తోయించుకొచ్చింది, దాని తెల్లమెట్టొకటి ఊడిపోయిందట. అదీ వేశాను. ఇప్పుడా మెట్టు నొక్కితే సంగీతం రాదుట, నవ్వు వస్తుందట!"

"గురూ, ఇంక చాలు," అన్నాడు డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం చాలు! సాయంత్రానికి మూడు వందల మంది నవ్వుతూ రోడ్డు మీదకొచ్చేసరికి, పాపం వీధి దీపాలు తెల్లారిందనుకుని వాటంతటవే ఆరిపోయాయి. ఆ దెబ్బతో సంగతి పైదాకా వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో కార్లు. పళ్ళ డాక్టర్ల సంఘం మొత్తం దిగింది. వాళ్ళ వెనక ఆరోగ్య మంత్రి. మంత్రినే నోరు తెరవమన్నాను! తెరిచాడు. పైన నాలుగు, కింద మూడు, అన్నీ పంటి రంగు ఫిల్లింగులే. 'వీటికెంతయింది?' అన్నాను. 'నేనివ్వలేదు, ఖజానా ఇచ్చింది' అన్నాడు. నాకు తిక్కరేగింది. 'నీ నోట్లో పన్ను కనబడకపోవడానికి ఖజానా కడుతుందా? పదకొండేళ్ళు నిలబడి బట్టలమ్మిన మనిషి, కౌంటర్లో నిలబడి నవ్వడానికి రెండు వేల నాలుగు వందలు ఎక్కణ్ణుంచి తేవాలి? అదేమైనా సోకా? అది దాని పనయ్యా! మేస్త్రికి బ్రష్షెంతో దానికి ఆ నవ్వంత!' అన్నాను. మంత్రి తల దించేశాడు. అక్కడికక్కడే కాగితం తెప్పించి సంతకం పెట్టాడు. ఇకనుంచి పంటికి డబ్బు తీసుకోవచ్చు గానీ పంటి రంగుకి తీసుకోకూడదని. ఆ బోర్డు మీద రెండు వేల నాలుగు వందల్ని నా చేత్తోనే చెరిపేశాను, ఒక్క కోటింగుతో! రేపట్నుంచి మా ఆవిడ దర్జాగా కౌంటర్లో నిలబడుతుంది. వెళ్ళి చూడండి, ఏ పన్నో చెప్పండి, చెప్పినవాడికి ఇల్లంతా ఉచితంగా రంగు వేస్తా!"

టైలరు చప్పట్లు కొట్టాడు. టీకొట్టావిడ అడక్కుండానే గ్లాసు నింపింది.

"బావా," అన్నాడు ప్లంబరు, "సోమవారం జరిగింది నేను చెప్పనా?"

"చెప్పరా, నువ్వు చూశావుగా."

"ట్యూబులైటు కింద చూడొద్దన్నావు, అది నిజం. అక్కని చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకి లాక్కొచ్చావు. డాక్టరు గారి పట్టీ కూడా పట్టుకొచ్చేశావు. బస్టాపు ఎదురుగా, అంతమంది జనంలో, ఎండకి అక్క నోరు తెరుచుకుని నిలబడింది. నువ్వు పదహారు పళ్ళూ ఒక్కోటీ పెట్టి చూసి ఏదీ కలవలేదన్నావు. మబ్బు పట్టింది, పోయేదాకా ఆగమన్నావు. నలభై నిమిషాలు బావా. లోపలికెళ్ళేసరికి డాక్టరు గారు ఇంకొకర్ని కుర్చీలో కూర్చోబెట్టేశారు. అప్పుడైనా ఊరుకున్నావా? షేడు నేను చూశాను కాబట్టి బిల్లులోంచి నా కూలి తీసెయ్యండని గొడవపెట్టుకున్నావు. పట్టీ అక్కడ పెట్టి బయటికి నడవమన్నారు."

టైలరు చప్పట్లు కొట్టిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సరేలే," అన్నాడు డబ్బా, గొంతు కాస్త తగ్గించి. "పని వాయిదా పడింది, అంతేగా. నెలాఖరు దాకా టైముంది. ఆ బోర్డు మీదున్నంత చచ్చినా ఇవ్వను, వాడే దిగొస్తాడు."

"నెలాఖరు ఎల్లుండి బావా. ఇవాళ మధ్యాహ్నం అక్క చేయించేసుకుంది. నేనే తీసుకెళ్ళాను."

డబ్బా చేతిలో టీ అలాగే ఉండిపోయింది. "డబ్బో?"

"పన్ను విరిగినప్పట్నుంచీ ప్రతి ఆదివారం కొట్టుకెళ్ళి ఆ వెనక గదిలోనే ఎక్కువ పని చేసింది. సోమవారం నువ్వు గొడవ పెట్టుకున్నప్పుడు కూడా ఆ డబ్బు అక్క సంచిలోనే ఉంది."

"మొత్తం ఇచ్చేసిందా? బోర్డు మీదున్నంతా?" ఆయన మొహం ఎర్రబడింది. "అన్యాయంరా అది! ఎన్ని ఆదివారాలు! ఆ డబ్బడిగినవాణ్ణి... నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ ఎండలోకి రమ్మంటావని."

డ్రైవరుకి నవ్వొచ్చింది గానీ టీకొట్టావిడ మొహం చూసి మింగేశాడు. డబ్బా తన చేతుల వంక చూసుకున్నాడు. గోళ్ళ చుట్టూ పట్టేసిన తెల్లరంగుని బొటనవేలితో కాసేపు గీకాడు. తర్వాత, ఎవరికీ వినబడకూడదన్నట్టు, బామ్మర్ది వైపు కొంచెం ఒరిగాడు.

"ఏ షేడు వేశాడురా?"

"నేను చూడలేదు బావా," అన్నాడు ప్లంబరు. "అక్క నవ్వుతుంటే షేడెవరు చూస్తారు?"