లేజర్ ఆపినా ఆగని కరెంటు

హలో… ఆ, నేనే బావా. కంట్రోల్ రూం నుంచే.

లేదు, ఇంకా బయల్దేరలేదు… ఆ, పెట్టేశాం. నీ కాథోడ్ ఎలక్ట్రాన్ గన్‌లోకి వెళ్లిపోయింది. ఎక్కడా గీసుకోలేదు. నిండు పాలగిన్నె దింపినట్టు దింపాం.

ఆ… వచ్చింది. కరెంట్ వచ్చింది—

ఆగాగు, కేకలు పెట్టకు! అయ్యో, పిల్లల్ని పిలవకు బావా. ముందు నా మాట విను.

నీళ్లు నమలట్లేదు, చెప్తున్నా… లేజర్ వేశాం. కరెంట్ వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత లేజర్ ఆపేశాం.

ఆపినా వస్తోంది.

లేజర్ షట్టరా?

చూశాం. షట్టర్ మూసే ఉంది. నేనే వెళ్లి కళ్లారా చూసొచ్చా. లోపల వెలుగన్నదే లేదు. కరెంట్ మాత్రం వస్తూనే ఉంది.

ఛ, నీ కాథోడ్‌కేం? బంగారంలా ఉంది. ఇంత మంచిది ఎప్పుడూ చేయలేదు నువ్వు… కాదు, దాన్నుంచి కాదు. పక్కన గన్ గోడ నుంచి… ఆ. సీజియమే. నీ పూత మీంచి లేచి గోడ నియోబియానికి పట్టుకుంది. శనిలా పట్టుకుంది బావా, వదలట్లేదు.

పొద్దుట్నుంచీ అదే పని. కాసేపు నడిపితే కాలిపోతుందేమోనని నడిపాం. ఇంకా పెరిగింది… తగ్గించాం! గన్‌లో ఫీల్డ్ సగానికి తెచ్చాం, ఇంకా దించాం. అంతకంటే దించితే అది గన్ ఎలా అవుతుంది, చూసుకోడానికి బొమ్మా?

నువ్వు ఎక్కువ వేశావని ఎవరన్నారిప్పుడు? పూత వేస్తుంటే మీటర్లో కరెంట్ ఎక్కుతూనే ఉందిగా. నీ వెనక నిలబడి "ఇంకొంచెం బావా, ఇంకొంచెం" అని గోల చేసింది నేను కాదూ? అలా ఎక్కుతుంటే ఎవడికి ఆపబుద్ధేస్తుంది?

గన్‌నా?… ఇంకా ఏం తేల్చలేదు. డైరెక్టరుగారు మీటింగులో ఉన్నారు… అబ్బే, తీసేస్తారని నువ్వే అనేసుకుంటే ఎలా? ఊరికే బుర్ర పాడుచేసుకోకు… వద్దు, రావద్దు. వచ్చి చేసేదేం లేదు… అక్క ఉందా? ఒకసారి ఇవ్వు.

అక్కా… ఏడుస్తున్నాడా?… ఏంలేదా? ఊరికే కూర్చున్నాడా?

నీకెలా చెప్పనే… చూడు. బావ వేసే పూత ఉంది కదా, దాని మీద వెలుగు పడితేనే ఎలక్ట్రాన్లు రావాలి. గన్ వాటిని ముందుకు తోస్తుంది. ఇప్పుడా పూతలోంచి ఎగిరింది కాస్త గన్ లోపలి గోడకి అంటుకుంది. ఇక గోడే తనంతట తను ఎలక్ట్రాన్లు కక్కుతోంది. వెలుగూ అక్కర్లేదు, బావా అక్కర్లేదు.

తుడవడమా? చేత్తో తుడిచేది కాదక్కా. గన్ బయటికి తీసి, విప్పి, కడిగి, మళ్లీ బిగించాలి. అంత ఓపిక వీళ్లకి లేదు. ఇదే ఆఖరిసారని ముందే అన్నారుగా. పాత గన్ తెచ్చి పెట్టేస్తారు. దానికి బావ పూతతో పనిలేదు.

ఆ… అంతేనక్కా. బావ ల్యాబ్‌కి తాళం పడినట్టే. తనకీ ఇక్కడ పని లేనట్టే.

మీటింగా? ఎప్పుడో అయిపోయింది. బావతో అనలేక అలా అన్నా. మంచు చలిలో ఉంచే గన్ కదా, దాన్ని వేడెక్కించడం కూడా మొదలైపోయింది. చలి దిగిపోయాక బయటికి లాగేస్తారు. ఇక ఆపడమంటూ ఉండదు.

ఎవరు మొదలుపెట్టారంటే… డ్యూటీలో ఉంది నేనేగా. బటన్ నొక్కమన్నారు. నొక్కాను.

ఏంటీ?

స్పీకర్లో ఉందా?

మరి చెప్పవేం అక్కా!

బావా… బావా, అది కాదు, నేను నీకు తర్వాత మెల్లిగా—

హలో?

హలో… బావా?